వెనకగదిలో ఎండ

కిందటి వారం ఆమెను మనం ఒక తెరిచిన కిటికీ ముందు వదిలిపెట్టి వచ్చాం. వాలువీధి చివర, మేడ మీద ఒంటిగది ఉన్న ఆ పాత ఇంటికి కొలతలు తీసుకుందామని టేపు పట్టుకుని ఒంటరిగా వెళ్ళింది. వెనకగదిలో గాలి ఆడటం లేదని కిటికీ రెక్కలు తోసింది. ఆకాశం ఉండాల్సిన చోట గోడ ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఇంకా రంగు కూడా వెయ్యని కొత్త గోడ. పక్క స్థలంలో లేచిన నాలుగంతస్తుల భవనం వీపు అది.

గోడ చూసి ఆమె అంతగా కంగారుపడలేదు. ఊళ్ళో ఎక్కడో ఒకచోట రోజూ గోడలు లేస్తూనే ఉంటాయి. ఆమె గుండె జారింది బాబాయి మాట గుర్తొచ్చి. "మొన్ననే వెళ్ళి చూసొచ్చానండీ. వెనకగదిలో పొద్దున్నే ఎండ చాప పరిచినట్టు ఉంటుంది" అని బాబాయి గడియారాలాయనకు ఫోన్‌లో చెప్పాడు, ఆమె ఎదురుగానే కూర్చుని. గడియారాలాయన అంటే గడియారాలు బాగుచేసే ఆయన. బజారులో కొట్టు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. పని ఇంట్లోనే పెట్టుకోవాలని వెలుతురున్న ఇంటి కోసం ఆరు నెలలుగా తిరుగుతున్నాడు. ఆ ఒక్క మాట మీద ఆయన ఇల్లు చూడ్డానికి వస్తానన్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు చూపిస్తున్న బాబాయి అబద్ధం ఆడాడు. ఆమెకు ఈ పని నేర్పినవాడు, లోపం ఉంటే కొనేవాడు కనిపెట్టకముందే మనమే చెప్పాలని మొదటిరోజే చెప్పినవాడు.

మర్నాడు పొద్దున ఏడున్నరకే ఆమె ఆఫీసుకు వచ్చింది. ఆఫీసంటే మెట్ల కింద ఒక గది. రెండు బల్లలు, మూడు కుర్చీలు, గోడకు తాళంచెవుల బోర్డు. మంచిరోజుల్లో ఆ బోర్డు మీద సగం కొక్కేలు బోసిగా ఉండేవట. చెవి వచ్చిన వారానికే ఇల్లు అమ్ముడైపోయేది. ఇప్పుడు ప్రతి కొక్కేనికీ చెవి వేలాడుతోంది. కొన్నింటికి రెండేసి. తలుపు తీసినప్పుడల్లా గాలికి అవన్నీ కలిసి సన్నగా మోగుతాయి.

ఆమె ఇక్కడ చేరి ఎనిమిది నెలలైంది. ఎక్కడికి వెళ్ళినా టేపు చేతిలోనే ఉంటుందని వీధిలో మిగతా ఏజెంట్లు ఆమెను టేపమ్మ అంటారు. ఆమె ఏమీ అనుకోదు. కొలిచిన గది గురించి తడుముకోకుండా మాట్లాడగలదు, అది చాలు.

"ఇంత పొద్దున్నే వచ్చావేంటి అమ్మాయ్?" అన్నాడు బాబాయి లోపలికి వస్తూ. ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా, చంకలో తోలుసంచి.

"ఆయన తొమ్మిదింటికి వస్తానన్నారు కదా. మనం ముందే వెళ్ళి తలుపులవీ తీసి ఉంచుదాం బాబాయ్."

"బుర్ర పనిచేస్తోంది నీకు" అని మెచ్చుకున్నాడు. బోర్డు దగ్గరికి వెళ్ళి, చెవులను వేళ్ళతో మీటుతూ మూడో వరసలో ఆగి, కావలసిన గుత్తి తీసుకున్నాడు.

దారిలో బాబాయి మాట్లాడుతూనే ఉన్నాడు. పైపు పగిలి రోడ్డు మీద నిలిచిన నీళ్ళను చక్కగా తప్పుకుని నడిచాడు. తలుపులు మూసిన ఒక ఏజెంటు ఆఫీసు ముందు కాస్త ఆగాడు.

"వీడూ మూసేశాడు. అందరూ ధరలు పడిపోయాయి, పడిపోయాయి అంటారు. ధర ఎక్కడికీ పోలేదమ్మాయ్. పోయిన సంవత్సరం పక్కింటికి ఎంతొచ్చిందో అంతకు తగ్గనంటాడు అమ్మేవాడు. వచ్చే సంవత్సరం ఇంకా తగ్గుతుందేమో చూద్దామంటాడు కొనేవాడు. వాడు పోయిన సంవత్సరంలో, వీడు వచ్చే సంవత్సరంలో. ఈ సంవత్సరంలో ఉన్నది మనం ఒక్కళ్ళమే."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"జనం ఇప్పుడు ఫోన్లో ఇళ్ళు చూస్తున్నారు" అన్నాడు మళ్ళీ. "వేలితో ఒక్కో ఇంటినీ పక్కకు తోసేస్తారు. నువ్వు మాత్రం ఫొటోలు పంపి ఊరుకోకు. ఒక్కసారి గుమ్మం దాటించు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూపించు. రెండు పూటలా నచ్చిన ఇంటిని ఎవరూ వదులుకోరు."

ఈ నెలాఖరుకు ఒక్క ఇల్లయినా కదలకపోతే మెట్ల కింద గది ఖాళీ చెయ్యక తప్పదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఇంటి తాళం ఆయనే తీశాడు. లోపల మనుషులు లేని ఇళ్ళకుండే చల్లదనం. ముందుగదిలో ఎవరో తీసుకెళ్ళిన బీరువా తాలూకు తెల్లటి మరక గోడ మీద నిలువెత్తున ఉంది. వాళ్ళ అడుగులు వాళ్ళకే రెండుసార్లు వినిపించాయి. తలుపు తీశాక పది అంగల దాకా నోరు విప్పకూడదని బాబాయి సూత్రం. కొనేవాడు ఆ పది అంగల్లోనే మనసులో తన మంచం ఎక్కడ వెయ్యాలో చూసుకుంటాడట. కొనేవాడెవరూ లేకపోయినా ఆయన ఆ పది అంగలూ మౌనంగానే నడిచాడు.

వెనకగది చేరారు. ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. దారంతా ఆమె మనసులో ఒకటే లెక్క. ఇప్పుడు కిటికీ తీస్తాడు. గోడ కనబడుతుంది. 'అయ్యో, ఇదెప్పుడు లేచింది' అని నటిస్తాడా? తెర వేసి కప్పేద్దామంటాడా? ఏమన్నా సరే, ఇవాళ ఊరుకోకూడదు.

బాబాయి నేరుగా వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ తోశాడు. తోసి, రెండు చేతులూ చట్రం మీద ఆనించి, ముఖం కాస్త పైకెత్తి నిలబడ్డాడు. గోడ ఆయన ముక్కుకు మూరెడు దూరంలో ఉంది.

"చూశావా" అన్నాడు మెల్లగా. "ఎలా పరుచుకుందో."

ఆమె గుమ్మంలోంచే గోడను, ఆయన వీపును మార్చి మార్చి చూసింది.

"ఈ ఇల్లు పంతులమ్మకు ఇప్పించింది నేనే. పదిహేనేళ్ళ కిందటి మాట. చూడ్డానికి వచ్చినరోజు ఆవిడ ఇక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఈ కిటికీ ఊచల నీడ ఉంది చూడు, ముందు అదిగో ఆ గోడ మీద పడుతుంది. ఎనిమిదిన్నరకు నేల మీదకి దిగుతుంది. తొమ్మిదింటికి గది మధ్యకి వస్తుంది. ఆవిడ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ, ఎండతోపాటు తన పీట కూడా జరుపుకుంటూ ఉండేది. నేను ఎప్పుడొచ్చినా ఆవిడ ఎక్కడ కూర్చుందో చూసి టైమెంతయిందో చెప్పేవాణ్ణి."

ఆయన చూపించిన చోటల్లా ఆమె చూసింది. మసక నేల, మూలన దుమ్ము, కిటికీలోంచి వస్తున్న బూడిదరంగు వెలుతురు. అయినా ఆయన గొంతు వింటూ ఉంటే, గది మధ్యలో ఊచల నీడలు, వాటి మధ్య పచ్చటి ఎండ, ఎండలో చాపిన రెండు పాదాలు ఒక్క క్షణం కనిపించినట్టే అనిపించింది. కళ్ళార్పింది. ఏమీ లేవు.

ఆయన నటించడం లేదు. ఆ సంగతి ఆమెకు తెలిసినప్పుడు, పొద్దుటినుంచీ కూడగట్టుకున్న కోపం ఎటుపోయిందో తెలియలేదు. దానిచోట భయం వచ్చి కూర్చుంది.

"బాబాయ్, చెయ్యి బయటికి చాపు" అంది.

"ఎందుకు?"

"చాపు."

చాపాడు. వేళ్ళు గోడకు తగిలాయి. ఉలిక్కిపడి వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టాడు. సిమెంటు గరుకు మీద అరచెయ్యి అటూ ఇటూ కదిపాడు. పైకి అందినంత దాకా, కిందికి అందినంత దాకా తడిమాడు. ఆ తర్వాత చాలాసేపు ఆ చెయ్యి అలాగే గోడ మీద ఉంచేశాడు.

"ఎప్పుడు కట్టారు?" అన్నాడు.

"మూడు నెలలై ఉంటుంది. నువ్వు మొన్న వచ్చానన్నావే."

"వచ్చాను. ఇక్కడే నిలబడ్డాను. మబ్బు పట్టిందనుకున్నా." గొంతు సవరించుకున్నాడు. "ఈమధ్య నాకు అన్ని గదులూ మబ్బు పట్టినట్టే ఉంటున్నాయమ్మాయ్. ఇదీ అంతే అనుకున్నా. ఎండ మాట ఎలాగూ నాకు తెలిసిందే కదా, చెప్పేశాను."

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "ఎప్పటినుంచి?"

"మూడేళ్ళు దాటింది. మధ్యలో ఏమీ లేదు. చుట్టూ అంచుల్లో మాత్రం మిగిలింది. అందుకే నడక బాగానే సాగుతుంది. గుంటలు, మెట్లు, గడపలు అన్నీ తెలుస్తాయి. దేనివైపు చూస్తే అది మాయమైపోతుంది, అంతే. డాక్టరు ఇంకేం చెయ్యలేమన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం."

"పిన్నికి?"

"మీ పిన్ని దృష్టిలో నేను రోజూ పేపరు చదువుతున్నాను. పొద్దున రేడియోలో విన్నవి పేపరు అడ్డం పెట్టుకుని చెబుతుంటాను. ఒకరోజు పేపరు తలకిందులుగా పట్టుకున్నానట. కంటికి వ్యాయామమని చెప్పాను. నమ్మింది."

ఇంకోరోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. "మరి నేను?" అంది ఆమె. "ఎనిమిది నెలలు నీ ఎదురుగా కూర్చున్నాను."

బాబాయి ఆమె వైపు తిరిగాడు. తిరిగి, ముఖం కొద్దిగా పక్కకు వాల్చాడు. మాట్లాడేటప్పుడు ఆయన ఎప్పుడూ అలాగే తల వాలుస్తాడు. అది పెద్దరికమనుకుంది ఇన్నాళ్ళూ.

"నీ చెవి పక్కన వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. అది తెలుసు, అంచుల్లో ఉంటాయి కదా. ముఖం మాత్రం నువ్వు ఆఫీసులో చేరకముందు చూసిందే."

ఆమె కిటికీ గట్టు మీద కూర్చుంది. "చెబితే నేనేమన్నా అనేదాన్నా బాబాయ్?"

"అనవు. చెయ్యి పట్టుకుని నడిపిస్తావు. ఒకళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి వచ్చి ఇల్లు చూపిస్తే ఎవరు కొంటారు చెప్పు? ఆ మాట వీధిలో తెలిస్తే సాయంత్రానికల్లా తాళంచెవులన్నీ వెనక్కి అడుగుతారు. అందుకే నిన్ను చేర్చుకున్నాను. నాకు సాయానికని చెప్పాను కదా. నిజానికి నా తర్వాతకి."

బయట ఎక్కడో గొళ్ళెం చప్పుడైంది. అది వాళ్ళ గేటు కాదు. ఆమె ఫోన్ చూసుకుంది. ఎనిమిది నలభై.

"కిటికీ మూసెయ్" అన్నాడు బాబాయి ఉన్నట్టుండి. గొంతు మారింది. "మూసేసి దీపం వెయ్యి. చలిగాలి అని చెబుదాం. ముందు ఒప్పుకోనీ, తర్వాత చూద్దాం. ఈ ఒక్కసారికే తల్లీ. ఈ నెల గట్టెక్కితే నేనే మానేస్తాను."

ఆమె లేవలేదు. "లోపం మనమే ముందు చెప్పాలన్నది నువ్వే కదా."

"అన్నాను. కళ్ళున్నప్పుడు అన్నాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తను చూస్తున్నట్టు ఆయనకు తెలియదని ఇప్పుడు తెలుసు కాబట్టి, ధైర్యంగా, తనివితీరా చూసింది. గడ్డం కింద చిన్న చోట షేవింగ్ తప్పిపోయింది. చొక్కా రెండో గుండీ మూడో కాజాలో ఉంది. ఎన్నాళ్ళనుంచి ఇలా? కిటికీ మూయడానికి ఆమె చెయ్యి దానంతటదే లేచింది. రెక్క పట్టుకుంది కూడా. అంతలో ఈసారి నిజంగా వాళ్ళ గేటే తెరుచుకుంది.

గడియారాలాయన పావుగంట ముందే వచ్చాడు. పొట్టిగా, పలచగా ఉన్నాడు. భూతద్దం బిగించుకుని పనిచేసి చేసి, కుడికన్ను చుట్టూ గుండ్రంగా గీత పడిపోయింది. బూట్ల చప్పుడు కానివ్వకుండా నడుచుకుంటూ వెనకగదిలోకి వచ్చాడు.

పది అంగలు. ఆమె లెక్కపెట్టింది. బాబాయి కిటికీకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఇదేనా అండీ, మీరు చెప్పిన గది?"

"ఇదేనండీ" అన్నాడు బాబాయి. అని ఆగాడు. ఆమె రెక్క మీద చెయ్యి తియ్యలేదు, ముయ్యనూ లేదు.

బాబాయి పక్కకు జరిగాడు.

"ఈ గది గురించి మీకు తప్పు చెప్పాను. ఎండ లేదు. అది గోడ. నేను మీకు చెప్పింది పదిహేనేళ్ళ కిందట చూసిన ఎండ. ఇప్పుడు నాకు సరిగా కనబడదండీ. ఈ సంగతి మా అమ్మాయికి కూడా ఇవాళే తెలిసింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. మీరు ఇంత దూరం వచ్చినందుకు క్షమించండి."

గడియారాలాయన కిటికీ దగ్గరికి వెళ్ళి గోడను చూశాడు. ఊచలకు ముఖం ఆనించి పైకి చూశాడు. గట్టుకు కాస్త ఎత్తులో తన అరచెయ్యి చాపి, దాని కింద నీడ ఎంత పడుతుందో వంగి పరీక్షించాడు.

"ఒక మాట చెప్పనా అండీ" అన్నాడు చివరికి. "ఎండ నాకు పనికిరాదు. ఇత్తడి చక్రాల మీద ఎండ పడితే కళ్ళు చెదిరిపోతాయి. నాకు కావలసింది నీడ పడని వెలుతురు. ఆవేళ ఫోన్లో మీరు అంత మురిసిపోతూ ఎండ గురించి చెబుతుంటే అడ్డం చెప్పబుద్ధి కాలేదు. కొట్టు మూసేసినప్పటినుంచి నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. ఇల్లు ఎలా ఉన్నా మిమ్మల్ని చూసిపోదామనే వచ్చాను."

బాబాయి తోలుసంచి ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"మేడ మీద గది ఉందన్నారు?" అని అడిగాడు గడియారాలాయన.

"ఉంది" అంది ఆమె. "పది అడుగులకు పన్నెండున్నర. కిటికీ ఉత్తరానికి. నిన్న నేనే కొలిచాను. దానికి ఏ గోడా అడ్డం లేదు. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, పద్దెనిమిది. పైన రెండు మెట్లు అంచులు పగిలాయి, బాగుచేయించుకోవాలి."

"మెట్ల సంగతి కూడా చెప్పేశారు" అని నవ్వి, "నేనొక్కణ్ణే చూసి రానా? నాకు కాస్త టైం పడుతుంది" అంటూ వెళ్ళాడు. ఆయన అడుగులు నెమ్మదిగా పైకి పోయాయి. పైన కిటికీ తెరిచిన చప్పుడు, ఆ తర్వాత చప్పుడే లేదు.

బాబాయి గోడకు చేరగిలబడి కింద కూర్చున్నాడు, ఎప్పుడో పంతులమ్మ కూర్చున్న చోటే అయ్యుంటుంది. ఆమె పక్కన కూర్చుంది. ఇల్లంతా ఇద్దరి చుట్టూ ఊపిరి పీలుస్తున్నట్టు ఉంది. ఆయన ముఖంలో బడి వదిలిన పిల్లవాడి తేలిక.

"ఇక ఇవి నీ దగ్గరే ఉండాలి" అని తోలుసంచి ఆమె ఒళ్ళో పెట్టాడు. కాగితాల సంచి అది. ఎనిమిది నెలల్లో ఆయన దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "ఆయన దిగివస్తే కాగితాలు అడుగుతాడు. అన్నిటికన్నా పైనే ఉంటుంది, అమ్మిపెట్టమని ఇంటావిడ మనకు రాసిచ్చిన కాగితం."

సంచి తెరుస్తూ ఉంటే అప్పుడు తట్టింది ఆమెకు. "బాబాయ్, మూడేళ్ళుగా కాగితాలన్నీ నువ్వే కదా చూస్తున్నావు. ఎలా చదివావు?"

"నేను చదవలేదు. చదివించుకున్నాను."

"ఎవరిచేత?"

"మీ ఆయనచేత."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆమె భర్త రిజిస్ట్రేషన్ ఆఫీసు సందులో దస్తావేజులు రాస్తాడు. ప్రతి గురువారం సాయంత్రం ఆఫీసుకు వచ్చి బాబాయితో అరగంట కూర్చునేవాడు. టీ కోసం వస్తున్నాడనుకునేది. ఇంట్లో అరిగిన చెప్పుల సంగతి కూడా కడుపులో దాచుకోలేని మనిషి. బస్సులో పక్కన కూర్చున్నవాడి కథంతా రాత్రి భోజనం దగ్గర చెప్పేస్తాడు. ఈ మూడేళ్ళలో దీన్ని గురించి ఒక్క మాట జారలేదు.

"వాడికి నేనే ఒట్టు పెట్టాను" అంటున్నాడు బాబాయి. "మంచివాడమ్మా. ప్రతి ముక్కా చదివి వినిపించి, ఎక్కడ సంతకం చెయ్యాలో నా వేలు పట్టుకుని చూపించేవాడు. వాడి మీద అలగకు."

ఆమె కాగితం బయటికి తీసింది. మసక వెలుతురులో కనబడక కిటికీ వైపు తిరిగింది. ఇంటి నంబరు అదే. కొలతలు అవే. తేదీ రెండు నెలల కిందటిది. అడుగున బాబాయి సంతకం, గీత తప్పి పక్కకు వాలిపోయి ఉంది.

"ఇంటావిడ సంతకం చూశావా?" అన్నాడు బాబాయి, కళ్ళు మూసుకుని, తల గోడకు ఆనించి. "పంతులమ్మ రాత. ముత్యాల్లా గుండ్రంగా ఉంటాయి అక్షరాలు."

యజమాని అన్న చోట ఉన్న అక్షరాలు గుండ్రంగా లేవు. సన్నగా, కుడివైపుకు పరుగెడుతున్నట్టు ఉన్నాయి. చివరి అక్షరం కింద పొడుగ్గా లాగిన తోక. పిల్లల మార్కుల పుస్తకంలో ఆ తోకను ఆమె ప్రతినెలా చూస్తుంది. పేరు రెండోసారి చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. ఈ ఇల్లు పంతులమ్మది కాదు. తన భర్తది.

"చదవవేం?" అన్నాడు బాబాయి.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. గడియారాలాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు మెరుస్తున్నాయి, మోచేతికి సున్నం అంటుకుంది.

"ఇల్లు నేను తీసుకుంటానండీ" అన్నాడు. "యజమానిని ఎప్పుడు కలవమంటారు?"